రెండు డాలర్ల స్టిక్కర్

న్యూజీలాండ్‌లో పాపటోయిటోయి అనే పేటలో మేం అద్దెకున్న ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఒక ఆప్ షాప్ ఉండేది. జనం వాడి వదిలేసిన బట్టలు, గిన్నెలు, పుస్తకాలు ఉచితంగా తీసుకుని, చవగ్గా అమ్మి, వచ్చిన డబ్బు ఏదైనా మంచి పనికి వాడే దుకాణాన్ని అక్కడివాళ్ళు ఆప్ షాప్ అంటారు. అందులో పనిచేసేవాళ్ళు చాలామంది జీతం తీసుకోని పెద్దవాళ్ళే. గురువారం మధ్యాహ్నం కొత్తగా వచ్చిన సామాను అరల్లో సర్దేవారు. రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్ళను చూసుకునే నా డ్యూటీ మూడుంపావుకి అయిపోయేది. యూనిఫాం మీద స్వెట్టర్ తగిలించుకుని, నాలుగు కొట్టేలోపు అక్కడ వాలేదాన్ని.

నేను వెతికేది పాత వీడియో గేమ్‌లు. ఈ సంగతి మా తెలుగువాళ్ళకి చెప్పేదాన్ని కాదు. పెళ్ళయిన ఆడది, నర్సింగ్ చదివింది, టీవీ ముందు కూర్చుని బటన్లు నొక్కుతుందంటే ఏమనుకుంటారు?

చిన్నప్పుడు గుంటూరులో మా వీధి చివర ఒక గదిలో నాలుగు టీవీలు పెట్టి, గంటకింతని తీసుకుని గేమ్‌లు ఆడించేవారు. మా అన్నయ్య సాయంత్రమంతా అక్కడే. వాణ్ణి అన్నానికి పిలుచుకురావడం నా పని. అది ఆడపిల్లలు అడుగుపెట్టే చోటు కాదు. గుమ్మం దగ్గరే నిలబడి "అన్నయ్యా, అమ్మ రమ్మంటోంది" అని కేకేసేదాన్ని. "ఒక్క లైఫ్ ఉంది, ఆగవే" అనేవాడు. ఆ ఒక్క లైఫ్ అయ్యేదాకా తెరవంక చూస్తూ నిలబడేదాన్ని. అదే నా ఆట. న్యూజీలాండ్ వచ్చిన రెండో ఏడు ఇస్త్రీపెట్టె కోసం ఆ ఆప్ షాప్‌కి వెళ్ళి, వైర్లు వేసిన బుట్టలో, అన్నయ్యవాళ్ళు మెషీన్‌లో దూర్చి ఆడే గేమ్ కేసెట్ లాంటిది ఒకటి చూశాను. ఇస్త్రీపెట్టె మర్చిపోయి దాన్ని పట్టుకొచ్చాను. అప్పటికి జనం పల్చటి టీవీలకి మారుతున్నారు. డబ్బా టీవీలతో పాటు పాత గేమ్ మెషీన్లు కూడా గరాజుల్లోంచి బయటపడి ఆప్ షాపులకి చేరేవి. మెషీన్ దొరకడానికి నాకు రెండు నెలలు పట్టింది.

కేసెట్ కనబడిందే తడవుగా కొనేయకూడదని త్వరలోనే తెలిసింది. ముందు అరచేతిలో పెట్టుకుని బరువు చూడాలి. నకిలీవి తేలిగ్గా ఉంటాయి. వెనక మరలు చూడాలి, ఎవరైనా విప్పి బిగించారేమోనని. మీద బొమ్మ రంగు వెలిసి ఉందా, మరీ కొత్తగా మెరుస్తోందా చూడాలి. ఇలా ప్రతిదాన్నీ తిప్పి తిప్పి, గోటితో గీరి, వెలుతురుకి ఎత్తి చూసేదాన్ని. దూరం నుంచి చూసేవాళ్ళకి అది ఎలా కనబడుతుందో నాకు తట్టలేదు.

గురువారాలు కౌంటర్ దగ్గర ఒకే తెల్లావిడ ఉండేది. డెబ్బై ఏళ్ళుంటాయి. కళ్ళజోడుకి పూసల గొలుసు. నన్ను చూడగానే "రా డియర్, బుట్టలో ఏవో వచ్చాయి చూడు" అనేది. అలాంటిది, ఒక గురువారం పలకరించలేదు. నేను అర దగ్గర వంగి చూస్తుంటే వెనక ఎవరో ఉన్నట్టనిపించింది. తిరిగి చూస్తే ఆవిడే, చేతిలో దుమ్ముగుడ్డతో. తుడిచిన అరనే మళ్ళీ తుడుస్తోంది. నేను పుస్తకాల వైపు వెళ్తే అక్కడికీ వచ్చింది. ఏమీ కొనకుండా బయటికి వెళ్ళబోతుంటే అడ్డంగా నిలబడింది.

"నీ బ్యాగ్ ఒకసారి చూడొచ్చా?" అంది ఇంగ్లీషులో, చాలా మర్యాదగా.

తీసి చూపించాను. అన్నం డబ్బా, గొడుగు, డ్యూటీలో వేసుకునే బూట్లు. ఆవిడ బూట్లు కూడా వంచి చూసింది. పక్కన చీరల్లాంటి కర్టెన్లు బేరం చేస్తున్న ఫిజీ ఇండియన్ ఆడవాళ్ళిద్దరు మాటలాపి మావైపు చూశారు.

"ఎవరో ధర స్టిక్కర్లు మారుస్తున్నారు. కప్పుల మీది రెండు డాలర్ల స్టిక్కర్ పీకి, ఎక్కువ ధర ఉన్న గేమ్‌ల మీద అంటిస్తున్నారు. ఆ గేమ్‌లు కొనేవాళ్ళు ఇక్కడ ఎక్కువమంది లేరు కదా." బూట్లు మళ్ళీ నా బ్యాగులో పెట్టి, "నువ్వని అనడం లేదు," అంది.

నువ్వని అనడం లేదు అని ఎవరైనా అన్నారంటే నువ్వే అని. అది ఏ భాషలోనైనా అంతే.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన ఎయిర్‌పోర్ట్ దగ్గర వేర్‌హౌస్‌లో పనిచేసేవాడు. షూ విప్పుకుంటూ అంతా విని, "ఆ షాప్‌కి వెళ్ళడం మానెయ్. మనకెందుకొచ్చిన గొడవ?" అన్నాడు. కాసేపటికి వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "నువ్వు మార్చలేదు కదా?" అన్నాడు.

ఆవిడ అన్నదానికంటే ఆ మాట నన్ను ఎక్కువ పొడిచింది. వెళ్ళి నా కేసెట్లన్నీ అరలోంచి తీసి బల్ల మీద పరిచాను, నువ్వే చూసుకో అన్నట్టు. పద్నాలుగో పదిహేనో ఉన్నాయి. కొన్నిటికి ధర స్టిక్కర్లు అలాగే ఉన్నాయి, పీకితే బొమ్మ పాడవుతుందని వదిలేసినవి. ఆయన ఒక్కోటీ తీసి చూసి పక్కన పెడుతున్నాడు. ఒకదాని దగ్గర ఆగాడు.

"ఇది కాస్త లావుగా ఉందేంటి?"

రెండు డాలర్ల పసుపుపచ్చ స్టిక్కర్. దాని అంచుని గోటితో లేపితే కింద ఇంకో స్టిక్కర్ ఉంది. పద్దెనిమిది డాలర్లు.

ఆ కేసెట్ మూడు వారాల కిందట కొన్నాను. పుస్తకాల వరస వెనక దొరికితే, ఎవరో చూసుకోక పడేశారనుకుని, నా అదృష్టమనుకుని సంతోషపడ్డాను. ఇప్పుడర్థమైంది. స్టిక్కర్ మార్చినవాళ్ళే తర్వాత వచ్చి తీసుకుందామని దాన్ని అక్కడ దాచారు. వాళ్ళకంటే ముందు నేను చేజిక్కించుకున్నాను.

"నేను మార్చలేదు," అన్నాను.

"మార్చావని నేనన్నానా?" అన్నాడు. కానీ నా మొహంవంక చూడకుండా అన్నాడు.

దాన్ని ఏం చేయాలన్నది వారమంతా తేల్చుకోలేకపోయాను. తిరిగిస్తే తప్పు ఒప్పుకున్నట్టు. ఉంచుకుంటే దొంగసొత్తు ఉంచుకున్నట్టు. చివరికి మరుసటి గురువారం తీసుకెళ్ళి కౌంటర్ మీద పెట్టి, రెండు స్టిక్కర్లూ చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పి, మిగతా పదహారు డాలర్లూ ఇచ్చాను. ఆవిడ డబ్బు గల్లాలో వేసి నా చేతిమీద చెయ్యేసింది.

"తెచ్చినందుకు చాలా సంతోషం డియర్. ఇక ఆ విషయం మనం మాట్లాడుకోవద్దు."

"కాదు, నేను మార్చలేదు. నాకు అలాగే దొరికింది."

"సరే సరే," అంది ఆవిడ, రెస్ట్‌హోమ్‌లో మతిమరుపు పెద్దవాళ్ళతో నేను మాట్లాడే గొంతుతో.

ఆ రోజే అనుకున్నాను, ఆ చేసిందెవరో కనిపెట్టాలని.

మొదట నాకు అనుమానం వచ్చింది ఒక కివీ మనిషి మీద, అంటే అక్కడి తెల్లాయన మీద. ఎంత చలిలోనైనా నిక్కరుతోనే తిరిగే భారీ మనిషి. నాలాగే గేమ్‌ల కోసం వచ్చేవాడు, కానీ ఆడటానికి కాదు. చవగ్గా కొని ఇంటర్నెట్ వేలంలో అమ్ముకుంటాడని విన్నాను. రెండు వారాలు అతని చేతులనే కనిపెట్టి చూశాను. మూడో వారం నాకు శనివారం సెలవు. అతను ఆప్ షాప్‌లోంచి బయటికొచ్చి కారెక్కి దక్షిణం వైపు వెళ్తుంటే మా కారులో వెనకే వెళ్ళాను. మనురేవాలో ఇంకో ఆప్ షాప్ ముందు ఆపాడు. నేనూ ఆపాను. లోపల అతను ఏ వరసలో ఉంటే నేను పక్క వరసలో, సీసాల మధ్య నుంచి చూస్తూ నిలబడ్డాను. ఉన్నట్టుండి అతను తల తిప్పాడు.

"ఎందుకు నా వెంట తిరుగుతున్నావు?" అన్నాడు గట్టిగా. "పాపటోయిటోయి ముసలావిడ పంపిందా? నా సంచీ ఇప్పటికి రెండుసార్లు వెతికింది. నన్నడిగితే ఆ పని నీదే అంటాను."

అతను విసవిసా వెళ్ళిపోయాడు. కారులో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చేయలేదు. రెండు వారాలుగా నేనతన్ని చూస్తున్నాననుకున్నాను, అతనూ నన్ను చూస్తూనే ఉన్నాడన్నమాట. అయినా అతను నిజం చెప్పాడని అప్పుడు కూడా నమ్మలేదు. దొంగే ముందు అరుస్తాడు కదా అనుకున్నాను.

తర్వాతి గురువారం వాన. షాప్‌లో ఇద్దరు ముగ్గురే ఉన్నారు. కప్పులూ సాసర్లూ పెట్టే అర దగ్గర నల్ల కోటు వేసుకున్న పెద్దాయన ఒకరు మొహం అటు తిప్పి, చేతులు మాత్రం నాకు కనబడేట్టు నిలబడ్డారు. ఒక కప్పు ఎత్తి, బొటనవేలి గోరుతో దాని అడుగున నెమ్మదిగా గీరుతున్నారు. స్టిక్కర్ చిరగకుండా ఊడింది. దాన్ని వేలి చివర నిలుపుకుని, చంకలో ఉన్న కేసెట్ తీసి, దాని మీద సరిగ్గా పెట్టి, తపాలాబిళ్ళ అంటించినట్టు బొటనవేలితో రెండుసార్లు ఒత్తారు. తర్వాత పుస్తకాల దగ్గరికి వెళ్ళి, రెండు లావు పుస్తకాల వెనక దాన్ని దూర్చారు.

ఇటు తిరిగారు.

ఆయన మా తెలుగు సహవాసంలో అందరికీ అంకుల్. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక చర్చి హాలు అద్దెకు తీసుకుని మేం నలభై కుటుంబాల వాళ్ళం కలిసేవాళ్ళం. నర్సులం, కేర్‌గివర్లం, మా మొగుళ్ళు, పిల్లలు. అంకుల్ బాపట్ల వైపు పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆంటీ పోయాక కూతురు ఇక్కడికి తెచ్చుకుంది. ముందు వరసలో కూర్చునేవారు. సాక్ష్యం చెప్పమంటే అందరికంటే ముందు లేచేవారు. కానుకల సంచీ పట్టుకుని వరసల మధ్య తిరిగేది కూడా ఆయనే.

"ప్రైజ్ ద లార్డ్ అమ్మా," అన్నారు. గొంతు ఏమీ మారలేదు.

"వందనాలు అంకుల్," అన్నాను.

బయట బస్‌స్టాప్ కప్పు కింద కలిశాం. బోటనీ డౌన్స్‌లో కూతురింటికి వెళ్ళడానికి ఆయన రెండు బస్సులు మారాలి.

"అంకుల్, నేను చూశాను," అన్నాను.

"ఏం చూశావమ్మా?"

"స్టిక్కర్."

"ఊడిపోతుంటే నొక్కానమ్మా."

వాన కప్పు మీద టపటపా కొడుతోంది. ఆయన కోటు గుండీ ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకున్నారు.

"మనవరాలి కోసం," అన్నారు చివరికి. "దానికి తెలుగు రాదు. నా ఇంగ్లీషు దానికి అర్థం కాదు. పక్కింటివాళ్ళు పారేసిన మెషీన్ తెచ్చి పెట్టాను. ఇద్దరం కూర్చుని ఆడుకుంటాం. ఆ కాసేపే అది నాతో ఉండేది. అమ్మాయిని డబ్బులు అడిగితే ఇస్తుంది, లేదనదు. కానీ దేనికి నాన్నా అంటుంది. పాత చెత్త కోసమని ఎట్లా చెప్పను?"

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నన్ను అనుమానించారనీ, నా బూట్లు కూడా వెతికారనీ చెబుదామనుకున్నదాన్ని చెప్పలేకపోయాను. పెద్దాయన. ఆయన బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపారు.

బస్సు వెళ్ళిపోయాక నడుస్తుంటే ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. ఆ మనవరాలికి పదేళ్ళు. ఆదివారాలు హాల్లో వెనక కుర్చీలో కూర్చుని, అరచేతిలో ఇమిడే కొత్త గేమ్ ఆడుకుంటూ ఉంటుంది. తాతవంక చూడనైనా చూడదు. అంత కొత్త మెషీన్ ఉన్న పిల్ల, పక్కింటివాళ్ళు పారేసినదాని ముందు కూర్చుంటుందా? నా కళ్ళ తడి ఇంకా ఆరలేదు, అప్పుడే ఈ అనుమానం పుట్టుకొచ్చింది. నా మీద నాకే రోత వేసింది. కానీ అనుమానం మాత్రం పోలేదు.

రెండు వారాలకి అంకుల్ వాళ్ళింట్లో కుటుంబ ప్రార్థన పెట్టారు. శనివారం సాయంత్రం అందరం బోటనీ డౌన్స్ వెళ్ళాం. ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళందరూ వంటింట్లో పులిహోర, చికెన్ వడ్డనలో ఉన్నారు. ఆ పిల్ల మెట్లమీద ఒంటరిగా కనిపించింది. పక్కన కూర్చుని, "తాతయ్యతో పాత గేమ్‌లు ఆడతావటగా?" అని ఇంగ్లీషులో అడిగాను.

అది తెరమీంచి కళ్ళెత్తలేదు. "నేను ఆడను. అవి బోరు. తాతే ఒక్కడూ గరాజ్‌లో ఆడుకుంటాడు. మమ్మీతో చెప్పొద్దన్నాడు."

గరాజ్‌లోకి వెళ్ళాను. బట్టలుతికే మెషీన్ పక్కన, బియ్యం బస్తా మీద మడిచిన దుప్పటి వేసుకుని అంకుల్ కూర్చుని ఉన్నారు. ఎదురుగా చిన్న డబ్బా టీవీ, శబ్దం పూర్తిగా తగ్గించి ఉంది. విమానం ఒకటి కింది నుంచి పైకి పోతూ గుళ్ళు కురిపిస్తోంది. ఆయన నాలుక కొంచెం బయటపెట్టి, ఒళ్ళంతా ఒక పక్కకి వంచి ఆడుతున్నారు. నన్ను చూసి ఉలిక్కిపడ్డారు. విమానం పేలిపోయింది.

"మనవరాలు ఆడదట కదా అంకుల్," అన్నాను.

ఆయన మొహం నల్లబడింది. "అరవై ఎనిమిదేళ్ళ వాణ్ణి, నాకే ఇష్టమని చెప్తే నవ్వుతారు కదమ్మా," అన్నారు.

దొంగతనం చేశానని ఒప్పుకోవడం కంటే ఆ మాట చెప్పడమే ఆయనకి కష్టమైందని నాకు అర్థమైంది. అర్థమయ్యాక కోపం తగ్గాల్సింది, పెరిగింది. నేను కూడా ఇన్నాళ్ళూ ఆ నవ్వుకి భయపడే ఎవరికీ చెప్పలేదు. అలాగని ఇంకొకరి మీదికి నెట్టలేదు.

"మీరు స్టిక్కర్లు మారుస్తుంటే ఆ షాప్‌లో నన్ను దొంగ అనుకున్నారు. నా బ్యాగ్ వెతికారు. మా ఆయన కూడా నన్ను అడిగాడు. మీరు దాచిన కేసెట్ నాకు దొరికితే, నేను వెళ్ళి డబ్బు కట్టొచ్చాను. దాంతో ఆవిడ నేనే అని ఖాయం చేసుకుంది."

అంకుల్ చేతిలో కంట్రోలర్ ఒళ్ళోకి జారింది. "నిన్నా? నీ మీదా వేశారు?" అన్నారు. ఆ ఆశ్చర్యం నిజమైనదేనని నాకనిపించింది. "నాకు తెలియదమ్మా. ఒట్టు. ఎవరికీ నష్టం లేదనుకున్నా. ఊరికే ఇచ్చిన సామానే కదా అనుకున్నా."

లోపల నుంచి కూతురు "నాన్నా, ఎక్కడున్నావ్?" అని పిలిచింది. ఆయన గబుక్కున టీవీ ఆర్పేశారు. చీకట్లో, "నేను చూసుకుంటానమ్మా. ఎవరితోనూ అనకు," అన్నారు.

చూసుకుంటానంటే ఏం చూసుకుంటారో చెప్పలేదు. తర్వాతి ఆదివారం ఆయన ముందు వరసలో కాక మధ్యలో కూర్చున్నారు. సాక్ష్యానికి లేవలేదు. కానుకల సంచీ పట్టుకోవడానికి వేరే ఎవరో లేచారు. ఆయన సిగ్గుపడుతున్నారా, నా కంట పడకుండా తప్పించుకుంటున్నారా అని ఆరాధన జరిగినంతసేపూ ఆయన వీపువంకే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు వాక్యం ఏమిటో నాకు గుర్తులేదు.

గురువారం ఆ షాప్ ముందు నుంచి నడుస్తుంటే పూసల గొలుసు ఆవిడ తలుపు తీసుకుని బయటికొచ్చింది. దాదాపు రెండు నెలల తర్వాత మొదటిసారి నన్ను చూసి నవ్వింది.

"మొన్న మీ నాన్నగారు వచ్చారు," అంది.

"మా నాన్నా?"

"నల్ల కోటు వేసుకునే పెద్దాయన. స్టిక్కర్లన్నీ ఆయనే మార్చానని చెప్పారు. డబ్బు కూడా ఇచ్చారు. ఇంగ్లీషు రాదు పాపం, చేతులు జోడించి నిలబడ్డారు." ఆవిడ నా భుజం తట్టింది. "ఏ తండ్రయినా కూతురి కోసం అంతే చేస్తాడు. నువ్వు అదృష్టవంతురాలివి."

"ఆయన మా నాన్న కాదు. ఆయన చెప్పింది నిజం. నిజంగా ఆయనే చేశారు."

"తెలుసు డియర్, తెలుసు," అంది ఆవిడ. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ కళ్ళలో నామీద కోపం లేదు, జాలి ఉంది. నేనింకేం చెప్పినా, తప్పు తండ్రి మీదికి తోసే కూతుర్నే అవుతానని తెలిసిపోయింది. లోపలికి రమ్మంది, బుట్టలో కొత్తవి వచ్చాయంది. డ్యూటీ ఉందని అబద్ధమాడి వచ్చేశాను. మళ్ళీ ఆ షాప్‌లో అడుగుపెట్టలేదు. మనురేవా షాప్‌కి వెళ్ళేదాన్ని. నిక్కరు మనిషి అక్కడ కనబడితే ఇద్దరం చెరో వరసలోకి తప్పుకునేవాళ్ళం.

మా ఆయనకి అంతా చెప్పాను, అంకుల్ పేరు తప్ప. "ఎవరైతేనేం, తేలిపోయింది కదా," అన్నాడు. తేలలేదని ఆయనకి వివరించే ఓపిక నాకు లేకపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక టీ బల్ల దగ్గర అంకుల్ నా పక్కకి వచ్చారు. చేతిలో బిస్కెట్ ఉంది కానీ తినడం లేదు.

"వెళ్ళొచ్చానమ్మా. నా తప్పేనని చెప్పేశాను. నాకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను. ఆవిడకి అర్థమైందంటావా?"

చుట్టూ జనం ఉన్నారు. ఆయన కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి.

"అర్థమైంది అంకుల్. నాతో కూడా చెప్పింది. ఇక నా మీద ఏమీ లేదంది."

ఆయన వెంటనే ఊపిరి పీల్చుకుంటారనుకున్నాను. పీల్చుకోలేదు. బిస్కెట్ సాసర్లో పెట్టి, పోస్టాఫీసు కిటికీ వెనక నుంచి సంతకం సరిచూసే మనిషిలా నా మొహంవంక చాలాసేపు చూశారు.

"నిజమేనా అమ్మా?" అన్నారు.